ఓడ తలుపు మీద మూడు దెబ్బలు

అమ్మతోడు... ఇది జరిగింది. నమ్మకపోతే మానేయండి, నాకేం బాధ లేదు. ఈమధ్య నాకు దేనికీ బాధ కలగడం లేదు.

అనంతగిరిలో కాఫీతోట దొర బంగళా కడుతున్నాడు. తలుపుల పని నాది. ఆ తలుపులు ఓడవి. మామూలు ఓడ కాదండోయ్, దొరలు షికారు తిరిగేది. అద్దాల కప్పు కింద భోజనాల హాలు, గదిగదికీ కరెంటు గంట. యుద్ధంలో సిపాయిలను మోసిందట. తర్వాత మళ్లీ ముస్తాబు చేస్తూ పాత తలుపులు పీకి అమ్మేస్తే మా దొర కొన్నాడు. నాకెలా తెలుసంటారా? మా తమ్ముడు అప్పన్న ఆ ఓడలోనే వడ్రంగి. రంగూన్ వెళ్లి, అక్కడ అందులో కుదిరాడు. ఉత్తరాల నిండా ఓడ గొప్పలే. ఉత్తరం వచ్చి రెండేళ్లయింది. ఉన్నాడా, లేడా అని అమ్మ రోజూ అడుగుతుంది.

ఒక తలుపుకి మడతబందు విప్పాను. కింద మా ఇంటి ఉలిగుర్తు... రెండు గీతలు, ఒక చుక్క. వాడి చేతిపనే.

ఆ రాత్రి ఒకటే మంచు. ఆ తలుపును ద్వారబంధంలో నిలబెట్టాం. గోడలింకా లేవలేదు. అవతల లోయ. నేనూ, నాతో పనిచేసే కొండమనిషి సోములూ ఇవతల నెగడు దగ్గర కూర్చున్నాం.

టక్... టక్... టక్.

అవతలి నుంచి. చెక్క సుత్తి దెబ్బలు.

మా పనిలో ఒక పద్ధతి ఉంది. తలుపుకి చెరోవైపు ఒకడుంటాం. బరువు మోసేవాడు మూడు కొడతాడు... "వదలనా?" అని. ఇవతలివాడు ఒకటి కొడతాడు... "పట్టుకున్నా, వదిలెయ్" అని. అది వినేదాకా మోసేవాడు వదలడు. అప్పన్నా, నేనూ చిన్నప్పటి నుంచీ అలాగే.

"మేస్త్రీ... అటేపు ఎవుడు?" అన్నాడు సోములు. "అక్కడ నిలబడ్డానికి నేల నేదు కదేటి!"

టక్... టక్... ... టక్.

ఈసారి నెమ్మదిగా. అలసిపోయినట్టు.

భయం వేయలేదు. ఏమీ అనిపించలేదు. చెయ్యి అలవాటుగా సుత్తి అందుకుంది. ఒక్కటి కొట్టింది.

"ఓరి నాయనో, పలికేసినావేటి! రేత్రి పిలుపుకి పలక్కూడదు!"

అవతల ఎవరో ఊపిరి వదిలినట్టు వినిపించింది... గాలేనేమో. చాలాసేపు చెవులు రిక్కించాను. ఇంకేమీ లేదు. తెల్లారి చూస్తే గడప తడిగా ఉంది. మంచుకి అన్నీ తడే కదా.

ఆ ఓడ ఇప్పటికీ తిరుగుతోందంటారు. నాకు తెలియదు. అమ్మ నిన్న కూడా అడిగింది. ఉన్నాడనే చెప్పాను. వదిలెయ్ అని కొట్టింది నేనేనని చెప్పలేదు.