మావయ్య చుట్టాలు

సాయంత్రం నాలుగూ ఇరవైకి డైరీ ఫార్మ్ పేటలో మా ఇంటి కుళాయికి నీళ్లొచ్చాయి. బిందె కింద పెట్టి, మావయ్య ఉంటే ఈపాటికి ఎవరినో ఇల్లు చూడటానికి పిలిచి ఉండేవాడు కదా అనుకున్నాను. ఆ రోజుల్లో పోర్ట్ బ్లెయిర్‌లో ఇల్లు చూపించడమంటే కుళాయి వచ్చే వేళకు చూపించడమే. (ఎండిన కుళాయి పక్కన నిలబడి ఇల్లు బాగుందన్న మనిషిని నేనింతవరకు చూడలేదు.) మావయ్య పోయి నెల దాటింది. చర్చివాళ్లు పెట్టిన ఆదరణ కూడికలో ఆయన గురించి రెండు మాటలు చెప్పమంటే లేచి నిలబడ్డాను, మళ్లీ కూర్చున్నాను. అక్కడ చెప్పలేకపోయింది ఇది.

మావయ్య ఇళ్ల బ్రోకరు. అద్దెకొచ్చిన మనిషి ఎవరైనా సరే, ఓనరు ముందు నిలబెట్టి "మా చుట్టాలబ్బాయే" అనేవాడు. ఆయనొక్కడే కాదు, ఊళ్లో బ్రోకర్లందరిదీ అదే మాట. షిప్ దిగి ఇంకా కాళ్లు కుదురుకోని మనిషి సాయంత్రానికల్లా ఎవరో ఒకరికి మేనల్లుడైపోయేవాడు. బెంగాలీ గుమాస్తా మావయ్యకు పిన్ని కొడుకు, తమిళ టీచరమ్మ వదిన. ఓనర్లు నమ్మేవారని కాదు. ఆ మాట అన్నాక అద్దెకున్నవాళ్లు ఏం చేసినా బ్రోకరే వచ్చి జవాబు చెప్పాలి, అంతవరకే దాని అర్థం. ఇందులో చిక్కల్లా నాకే వచ్చింది. నేను నిజంగానే ఆయన అక్క కూతురిని. "మా మేనకోడలు" అని ఆయన చెప్పినప్పుడల్లా అవతలివాళ్లు నవ్వి, "సరేలే, ఇంట్లోకి ఎప్పుడు దిగుతుంది?" అనేవారు.

అప్పట్లో బ్రోకర్ల మధ్య ఒకటే గొడవ. జెట్టీ దగ్గర ఒకడి పార్టీని ఇంకొకడు లాక్కుపోయేవాడు. ఒకసారి కొత్తగా దిగిన దంపతుల్లో భర్తను మావయ్య, భార్యను చౌల్దారీ బావ వేర్వేరు ఆటోల్లో ఎక్కించుకుపోయి వేర్వేరు ఇళ్లు చూపించారు. ఇద్దరికీ ఇళ్లు నచ్చాయి. ఏ ఇల్లు తీసుకోవాలన్న ఆ ఇద్దరి గొడవ పోలీసు స్టేషన్‌దాకా వెళ్లింది. (చౌల్దారీ బావ అంటే చౌల్దారీ అనే ఊళ్లో పొలం తమ్ముళ్లకు వదిలేసి ఇళ్ల బేరాల్లోకి దిగిన ఆయన. ఎవరికి బావో ఎవరికీ తెలియదు.) ఇక ఇలా కాదని అందరూ కలిసి సంఘం పెట్టుకున్నారు. మావయ్య అధ్యక్షుడు, నేను గుమాస్తాని. అదే నా మొదటి ఉద్యోగం. అయితే ఆదివారంలోగా సంఘానికి ఒక గది దొరకాలి, దొరక్కపోతే తన మనుషులతో వేరే సంఘం పెట్టుకుంటానని చౌల్దారీ బావ చెప్పేశాడు. ఇంట్లో మా అమ్మ ఇంకో మాట చెప్పింది: సంఘం లేకపోతే వచ్చే షిప్‌కి నేను విశాఖపట్నం వెళ్లి పెద్దమ్మ బట్టల కొట్లో కూర్చోవాలి. నేను అప్పటివరకు సముద్రం దాటింది ఒక్కసారే. ఆ ప్రయాణంలో నాకు గుర్తున్నది బకెట్టు ఒక్కటే.

ఊరంతటికీ ఇళ్లు చూపించేవాళ్లకు ఊళ్లో ఒక్క గది దొరకలేదు. "బ్రోకర్లకా?" అని ఓనర్లు సగం తీసిన తలుపు మళ్లీ వేసేసేవారు. చౌల్దారీ బావే ఒక గది చూపించాడు. "సీ వ్యూ ఉంది" అన్నాడు. "ఏదీ?" అన్నాడు మావయ్య. "స్టూలేసుకుని సూడు, అగుపడతాది." అందరూ ముఖాలు చూసుకున్నారు. ఆ స్టూలు మాట ప్రతివాడూ ఎక్కడో ఒకచోట అన్నదే. ఆ గది వద్దనుకున్నారు.

చివరికి శనివారంనాడు జంగ్లీఘాట్‌లో ఒక మామ్మగారి ఇంటికి వెళ్లాం. మేడ మీద ఆవిడ, కింద ఖాళీ గది. ఆవిడ మమ్మల్నందరినీ బెంచీ మీద వరసగా కూర్చోబెట్టింది.

"ఫ్యామిలీయా, బ్యాచిలర్సా?"

అది జీవితమంతా మావయ్య ఇతరులను అడిగిన ప్రశ్న. "సంఘం, మామ్మగారూ" అన్నాడు.

"అంటే బ్యాచిలర్సే. సేపలెండబెడతారేటి?"

"లేదండి."

"మందు?"

అందరూ మావయ్య వైపు తిరిగారు. "మీటింగుల్లో లేదండి" అన్నాడు మావయ్య.

"మీ గురించి సెప్పే మనిషెవడు?"

చౌల్దారీ బావ అలవాటుకొద్దీ, "ఈయన నాకు బావమరిదవుతాడు మామ్మా, గ్యారంటీ" అన్నాడు.

"ఒరే నాయనా, మొన్న ఈ గదిలో దిగి కరెంటు బిల్లు ఎగ్గొట్టినోడూ నీ బావమరిదే. యెనకింట్లో సర్దార్జీ మీ పిన్ని కొడుకన్నావు. ఆ పిన్నిని నానోసారి సూడాల."

మావయ్య నా భుజం పట్టుకుని ముందుకు తెచ్చాడు. "ఇది మాత్రం నా సొంత మేనకోడలు మామ్మగారూ. గది లేకపోతే దీని ఉద్యోగం పోతుంది."

మామ్మగారు నన్ను ఎగాదిగా చూసి, "పోలికే లేదు" అంది. (నా ముక్కు అచ్చం మావయ్య ముక్కే. ఆ రోజు దానివల్ల కూడా ఉపయోగం లేకపోయింది.) నేను మనసులో పెట్టె సర్దుకోవడం మొదలుపెట్టాను.

అప్పుడే రాంచీ భయ్యా చేతులకు గ్రీజుతో లోపలికొచ్చాడు. చేపల బోట్ల ఇంజన్లు బాగుచేసే మనిషి. పెరటి గదిలో అద్దెకుంటున్నాడు. మా తమ్ముడని చెప్పి అక్కడ దింపింది మావయ్యే. మామ్మగారు ఆయన్ని ఆపి, మావయ్యను చూపించింది.

"ఏ భయ్యా, ఇధర్ ఆ. ఈడు నీకేటవుతాడు?"

మావయ్య నేలచూపులు చూశాడు.

"బడా భాయి" అన్నాడు రాంచీ భయ్యా.

"సొంత అన్నా?"

ఆయన చేతులు తుడుచుకున్నాడు. "సొంతమో కాదో మాలూమ్ నహీ, మామ్మా. మలేరియా వచ్చినప్పుడు ఆస్పత్రిలో నా పక్కన కూర్చుంది ఈ భయ్యానే. అద్దె లేటయితే రోడ్డు మీద నిలబెట్టి తిట్టేదీ ఈయనే."

"తిడతాడా?"

"బహుత్ తిడతాడు."

"అయితే సొంతమే" అంది మామ్మగారు. లోపలికెళ్లి తాళంచెవి తెచ్చి, మావయ్యకు కాదు, నా చేతికిచ్చింది. "రేపు ప్రార్థన సేసి తెరవండి. సెప్పులు బయటిడిసి రండి."

చౌల్దారీ బావ అక్కడికక్కడే సమోసాలు తెప్పించాడు. ఆ వారం విశాఖపట్నం షిప్ బయల్దేరినప్పుడు నేను ఆ గదిలో కూర్చుని ఉన్నాను. హారన్ వినిపించింది. అది అంత హాయిగా వినిపించడం అదే మొదలు. ఇప్పటికీ ఎప్పుడు విన్నా శిక్ష తప్పించి ఎవరో నన్ను వదిలేసినట్టే ఉంటుంది.

మావయ్య భూస్థాపనకు రాంచీ భయ్యా వచ్చి, ఎవరూ పిలవకుండానే కుటుంబం వరసలో నిలబడ్డాడు. కొత్త పాస్టరుగారు మెల్లగా ఎవరని అడిగితే చౌల్దారీ బావ "తమ్ముడండి" అన్నాడు. ఎవరూ నవ్వలేదు. తర్వాత పాస్టరుగారు నా వైపు తిరిగారు. "మేనకోడలిని" అన్నాను. ఆయన వెంటనే నమ్మేశారు. ఆ దుఃఖంలోనూ నాకు కొంచెం వింతగా అనిపించింది. ముక్కు తుడుచుకునే వంకతో నవ్వు దాచుకున్నాను.

సంఘం ఇంకా ఆ గదిలోనే ఉంది. తాళంచెవి నా దగ్గరే ఉంటుంది. అద్దెకొచ్చేవాళ్లు ఆధార్ కార్డు చూపిస్తారు, పోలీసు వెరిఫికేషన్ చేయించుకుంటారు. గొడవలు తగ్గాయి, అది మంచిదే. ఇప్పుడు మా సంఘంలో ఎవరూ అద్దెకొచ్చినవాళ్లను మా చుట్టాలని చెప్పరు.