బెంచీ మీద చోటు

నాగేశ్వరి చేయి పిల్లల మీద లేవదని ఫిల్మ్‌నగర్ బస్తీలో అందరికీ తెలుసు. మధురానగర్ నుంచి వచ్చి అక్కడి ప్రైవేటు బడిలో పంతొమ్మిదేళ్లుగా లెక్కలు చెబుతోంది. బెత్తం పట్టని టీచరని తల్లులు చెప్పుకుంటుంటే ఆమెకు కడుపు నిండిపోయేది. ఆమెకున్న గొప్ప అదొక్కటే.

పాత ప్రిన్సిపాల్ అరుణజ్యోతి ఉన్నన్నాళ్లూ ఒళ్లు దాచుకోవాలన్న ఆలోచనే రాలేదు. కాళ్లు వాచిన రోజు ఆవిడే క్లాసులోకొచ్చి, "పది నిమిషాలు కూర్చోమ్మా, ఎక్కాలు నేను చెప్పిస్తా" అని సుద్దముక్క అందుకునేది. అలాంటి మనిషి ఉంటే జ్వరంతోనైనా బడికి రాబుద్ధవుతుంది.

ఆవిడ రిటైరయ్యాక సూర్యప్రకాశరావు దిగాడు. కూర్చుంటే టీచర్లు బద్ధకిస్తారని క్లాసుల్లో కుర్చీలన్నీ తీయించి షూటింగులకు కిరాయికిచ్చేశాడు. క్లాసుకో కెమెరా, దాని పక్కనే స్పీకరు. మహానుభావుడు తన గదిలో మెత్తగా కూర్చుని, పిల్లలందరూ వింటుండగా మైకులో అరిచేవాడు: "నాగేశ్వరిగారూ, గోడకి ఆనుకోకండి!" పిల్లలు పకపకా నవ్వేవాళ్లు. ఎనిమిది నెలల్లో ఆమె పిక్కల మీద నరాలు ఉబ్బి ముడులు పడ్డాయి. పాఠం మీద మమకారం ఎప్పుడు చచ్చిందో ఆమెకే తెలీదు. పొద్దున్నే గేటు చూస్తే ఒళ్లు మండేది.

ఆ మధ్యాహ్నం ఏడో పీరియడ్‌లో కాళ్లు పట్టు తప్పి గోడకు ఒరిగింది.

"ఏవండీ, మీకేనండీ! నిటారుగా నిలబడండి!" స్పీకరు అరిచింది.

క్లాసు గొల్లుమంది. ముందు బెంచీలో ఉన్న ఐదో తరగతి పిల్ల స్ఫూర్తి పక్కకు జరిగి, ఖాళీ అయిన చోటును చేత్తో తట్టింది.

"టీచర్, జర గీడ కూసోండ్రి."

"నువ్వు గూడ ఎక్కిరిస్తున్నవానే?"

చేతిలో స్టీలు స్కేలుంది. మొదటి దెబ్బ పిల్ల వేళ్ల మీద పడింది. రెండోది, మూడోది ఎక్కడ పడ్డాయో ఆమె చూడలేదు. స్కేలు అంచు దిగి నోటుబుక్కు మీద నెత్తురు చిందేదాకా కొడుతూనే ఉంది.

"ఎక్కిరియ్యలే టీచర్... మీ కాళ్లు నొస్తున్నయని..." పిల్ల వెక్కుతుంటే స్కేలు చేతిలోంచి జారిపోయింది.

ఆయా నీలమ్మ పరుగున వచ్చి పిల్ల చేతికి కట్టు కట్టింది. స్పీకరు నాగేశ్వరిని ఆఫీసుకు రమ్మంది. ఉద్యోగం ఊడుతుందనుకుంది. ఊడితే బాగుండుననుకుంది.

సూర్యప్రకాశరావు కెమెరా తెర చూపించి నవ్వాడు. "చూశారా, చీమ చిటుక్కుమన్నా వినిపిస్తోంది. క్లాసంటే ఇలా ఉండాలండీ. పేరెంట్స్ సంగతి నేను చూసుకుంటాను. ముందు మీరు కూర్చోండి" అంటూ కుర్చీ జరిపాడు.

ఆమె ఆ కుర్చీనే ఎత్తి తెర మీద వేసింది. గాజుపెంకులు అతని ఒళ్లో పడ్డాయి. అతను బల్ల కింద దూరినా ఆగలేదు, మళ్లీ ఎత్తి మైకు మీద వేసింది. అరచేయి తెగి నెత్తురు కారుతున్నా తుడుచుకోలేదు.

అలాగే క్లాసుకు వెళ్లింది. ముందు బెంచీలో స్ఫూర్తి పక్కన చోటు ఇంకా ఖాళీగానే ఉంది. "తప్పయింది బిడ్డా" అంటూ అక్కడ కూర్చుంది. ఎనిమిది నెలల్లో క్లాసులో కూర్చోవడం అదే మొదలు.

పిల్ల కట్టు కట్టిన చేతిని కడుపులో దాచుకుని బెంచీ చివరిదాకా జరిగింది. అక్కడ ఇక చోటు లేక, లేచి నిలబడింది.