పక్క తోట చెర్రీలు

కువషిమా గెంజోకి లోకంలో దేనిమీదా అసూయ లేదు, పక్క తోట చెర్రీల మీద తప్ప. అదీ ఆయన ఒప్పుకోడు. "నాకేం కుళ్ళు లేదు గానీ" అని మొదలుపెట్టాడంటే ఇక వచ్చేదంతా కుళ్ళేనని ఆయన భార్య ఫుసాయేకే కాదు, సగాయే ఊళ్ళో ఉత్తరాలు పంచేవాడికి కూడా తెలుసు.

పక్క తోట కినుయోది. పోయినేడు భర్త పోయాక ఒంటిచేత్తో నడుపుతోంది. ఈ కాపు చేతికొస్తే తోట నిలుస్తుంది, లేదంటే అమ్ముకోవాల్సిందే. ఊరంతా అయ్యో పాపం అంటోంది. గెంజో మాత్రం పొద్దున్నే బైనాక్యులర్ మెడలో వేసుకుని కంచె దగ్గర కాపలా.

"నాకేం కుళ్ళు లేదు గానీ, ఆవిడ చెట్ల కింద పరిచిన వెండిరంగు పట్టా చూశావా? అడుగు నుంచి కూడా వెలుగు తగిలి పళ్ళు ఎలా ఎర్రబడ్డాయో!"

"చూస్తున్నది పళ్ళనేనా?" అంది ఫుసాయే. ఆమె కడుపుమంట ఆమెది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన తనవంక అంత గురిగా చూసింది లేదు.

ఆ ఆదివారం సెందాయ్ నుంచి కారులో షికారు బయల్దేరిన కొత్త జంట గెంజో చెర్రీ తోట ముందు ఆగింది. చెట్టు మీంచే కోసుకు తినడానికి డబ్బు కట్టి, గింజలు ఉమ్మడానికి తలో కప్పు పుచ్చుకుని చెట్ల కిందికొచ్చారు. అమ్మాయి నోట్లో పండు పడిందో లేదో, గెంజో ప్రత్యక్షం.

"ఎలా ఉంది?"

"తేనే, తాతయ్యా!"

"నాకేం కుళ్ళు లేదు గానీ, పక్క తోటలో తిన్నారా?"

"లేదండీ."

"తినకుండా ఎలా చెప్తావమ్మా? వెళ్ళి తిని రండి!"

"వచ్చిన బేరాన్ని పక్కకి తోలతారా ఎవరైనా?" అని ఫుసాయే నెత్తి కొట్టుకుంది. ఈ సీజన్లో ఇదే వరస.

వాళ్ళు తిని వచ్చారు. అబ్బాయి నీళ్ళు నమిలాడు. "అవి... కాస్త ఎక్కువ తియ్యగా ఉన్నాయి, తాతయ్యా."

గెంజో మొహం మాడిపోయింది. మధ్యాహ్నం అన్నం ముద్ద కూడా ముట్టలేదు.

అంతలో గస్సన్ కొండమీంచి నల్లమబ్బు దిగింది. పండిన చెర్రీ మీద వాన పడిందా, తొక్క పగిలినట్టే. ఎండ ఎక్కువగా ఉందని రెండు తోటల్లోనూ చెట్ల మీద పరిచే ప్లాస్టిక్ పైకప్పుల్ని చుట్టి పెట్టారు.

"ఆవిడ పళ్ళ పెట్టెలు దింపడానికి సొసైటీకి వెళ్ళింది!" అని అరిచి గెంజో కంచె దూకేశాడు. ఇంకా చెట్ల కిందే ఉన్న కొత్త జంట ఆయన వెనకే పరుగెత్తింది. ముగ్గురూ కలిసి కినుయో తోటంతా కప్పేశారు. ఇవతల ఫుసాయే ఒక్కతే పైకప్పు పరిచే పిడి తిప్పీ తిప్పీ సగం కప్పేసరికి వాన దంచేసింది.

ఆయన తడిసి ముద్దై వచ్చాడు. ఫుసాయే పగిలిన పళ్ళ గుత్తి ఒకటి ఆయన ముందు ఆడించింది.

"మన తోట వదిలేసి?"

"నాకేం జాలి లేదు గానీ," గెంజో మొహం తుడుచుకున్నాడు, "ఆవిడ తోట అమ్మేస్తే, వచ్చే ఏడు నేనెవర్ని చూసి ఏడవాలి?"

ఫుసాయేకి నవ్వొచ్చింది. ఆపుకుని తువ్వాలు ఆయన నెత్తిన పడేసింది. తల గట్టిగా, కాస్త ఎక్కువ గట్టిగానే తుడుస్తూ అంది:

"నాకేం కుళ్ళు లేదు గానీ, నాకోసం ఎప్పుడైనా కంచె దూకారా?"