సన్యాసిరావు మేస్టారి మట్టి టిన్నులు

మీరంతా ఆయన్ను చూసి నవ్వారు. ఇప్పుడు ఈ గ్రూపులో దండం బొమ్మలు పెడుతున్నారు.

నిన్న పొద్దున టెక్కలి బస్టాండులో టీ తాగుతుంటే అత్త తమ్ముడు ఫోన్ చేశాడు. "మేస్టారు ఎలిపోనారు" అన్నాడు, అంతే.

టీ చల్లారిపోయింది.

ఆయనకు డయాలసిస్ మొదలై రెండేళ్లు. ఎప్పుడో ఒకప్పుడు వచ్చే ఫోనే. అయినా ఏ ముందస్తు సిద్ధపాటూ పనికి రాలేదు.

మీకు సన్యాసిరావు మేస్టారు. నాకు వరసకు మావ. నందిగాం వైపు హైస్కూల్లో సైన్స్ చెప్పి, రిటైరై పలాసలో ఉన్నాడు. వెనకాల మీరు పెట్టిన పేరు తోకచుక్క మేస్టారు.

గ్రహణం రోజు గర్భిణిని గడప దాటనివ్వని మీరు, ఎప్పుడో ఆకాశం నుంచి పడినదానికి నేలలో సాక్ష్యం ఉంటుందంటే నవ్వారు. అదే నాకు మింగుడు పడదు.

ఆయన చేసిన పని ఇది.

బోరు వేసేటప్పుడు పైకొచ్చిన మట్టిని రిగ్గు వాళ్లు పది అడుగులకో కుప్ప పోస్తారు. నీళ్లు పడ్డాక ఆ కుప్పల వైపు ఎవరూ చూడరు. మావ చూసేవాడు. ప్రతి కుప్పలోంచీ కాస్త తీసుకుని, ఖాళీ జీడిపప్పు టిన్నులో పోసేవాడు. బోరుకో టిన్ను. నేలలో ఎలా ఉందో టిన్నులోనూ అదే వరస. లోతుది అడుగున, పైది పైన. మధ్యలో పేపరు ముక్క, దాని మీద లోతు.

తరవాత భూతద్దం, అయస్కాంతం. గంటలు గంటలు.

తోకచుక్క భూమిని గుద్దితే రాయి కరిగి చినుకుల్లా ఎగురుతుంది, ఇనుము కలిసిన గాజు పూసలుగా గట్టిపడి ఎక్కడెక్కడో రాలుతుంది అనేవాడు. వాటికోసమే వెతుకులాట. మన దగ్గర అంత పాత మట్టి దొరుకుతుందో లేదో తనకే తెలీదనీ చెప్పేవాడు. ఆ రెండో మాట మీరెవరూ వినలేదు.

నేనూ వినలేదు. అది కూడా చెప్పాలి.

అక్కుపల్లి బోరు మట్టిలో ఒకసారి సన్నటి నల్లటి పూసలు దొరికాయి. అయస్కాంతానికి అంటుకున్నాయి. నేను ఆగలేదు. "ఉద్దానం మట్టిలో తోకచుక్క" అని ఇక్కడే పోస్ట్ పెట్టాను. మూఢనమ్మకాల మీద నాలుగు వాతలు కూడా పెట్టాను. మీరు తెగ షేర్ చేశారు.

మావ మాత్రం మళ్లీ ఆ రిగ్గు దగ్గరికి పోయాడు. ఇనప కేసింగ్ పైపుకు వెల్డింగ్ చేస్తుంటే, ఎగిరే రవ్వల కింద రేకు పట్టుకుని కూర్చున్నాడు. చొక్కా చేతికి చిల్లులు పడ్డాయి. రేకు మీద రాలినవీ, మట్టిలో దొరికినవీ అచ్చం ఒకటే.

మర్నాడు మా ఇంటికొచ్చాడు.

"అది సుక్క కాదురా, వెల్డింగు. నీ పోస్టు తీసీ. తీసీసి ఊరుకోకు, తప్పని రాయి."

"తప్పని రాస్తే నవ్వుతారు మావా."

"నన్ను కదేటి నవ్వేది. నీకెందుకు సిగ్గు?"

నేను పోస్ట్ తీసేశాను. తప్పని రాయలేదు. ఆయన మాత్రం టీకొట్టు దగ్గర, మార్కెట్లో, ఎదురైన ప్రతివాడికీ తనే చెప్పుకున్నాడు. అప్పటినుంచీ మీకు ఆ నవ్వొక్కటే గుర్తుంది. తన తప్పు తనే పట్టుకుని, ఊరంతా తిరిగి చెప్పిన మనిషిని ఈ పలాసలో ఇంకొకర్ని చూపించండి.

ఇప్పుడు రాస్తున్నాను. అక్కుపల్లిలో దొరికింది వెల్డింగ్ రవ్వలే. నా పోస్ట్ తప్పు.

డయాలసిస్ మంచం దగ్గర ఒకరోజు నేనే గొడవ పెట్టుకున్నాను. ఉద్దానంలో జనం కిడ్నీలు పోయి రాలిపోతుంటే తోకచుక్కలు ఏరుకోవడం ఏమిటన్నాను. సూదులున్న చెయ్యి కదపకుండా నా వైపు చూశాడు.

"నువ్వు నీళ్లు నీళ్లు అని మైకుల్లో అరుత్తావు. ఆ నీళ్లు ఏ మట్టిలోంచి వొత్తన్నాయో నా టిన్నుల్లో ఉంది. ఊరు, లోతు, అన్నీ. ఒక్కనాడు అడిగినావేటి?"

అడగలేదు. ఇరవై ఏళ్లుగా ఉద్దానం కోసం ధర్నాలు చేస్తున్నాను. ఒక్కసారీ అడగలేదు.

నిన్న ఇంటికి వెళ్లేసరికి స్నానం చేయించడం అయిపోయింది. మెట్ల పక్కన తడిసిన ఇసుక కుప్పలు రెండు. వాటిలో నలిగిన పేపరు ముక్కలు. బకెట్లు చాలక రెండు టిన్నులు బోర్లించి, వాటితోనే నీళ్లు మోశారు. ఆయన ఒంటి మీద పోసిన నీళ్లు అవే.

నేను అరవబోయాను.

"నానే సెప్పినాన్రా" అంది అత్త. "ఇసకే కదా అనుకున్నాను. ఆయనకి స్నానం ఆలీసమైపోతందని."

పేపరు ముక్కలు ఏరి జేబులో పెట్టుకున్నాను.

ఆ రెండు ఊళ్ల మట్టిలో ఏది ఏ లోతుదో ఇక ఎవరూ చెప్పలేరు. మిగతా టిన్నులు గది నిండా ఉన్నాయి. పదకొండో రోజుకు చుట్టాలొస్తారని ఆ గది ఖాళీ చేస్తారట.

నాకు ఓపిక లేదు. కోపం కూడా ముందటిలా రావడం లేదు.

వెళ్లిరా మావా. ఇక సూదులు లేవు. హాయిగా పడుకో.

మిగతాది మీకు.

ఆ గదిలో ఒక్క టిన్ను కూడా ఎవరూ కదపొద్దు. చోటు కావాలంటే చుట్టాలు మా ఇంట్లో పడుకుంటారు.

ఆయన చదువు చెప్పిన వాళ్లు ఈ ఆదివారం రండి. ప్రతి టిన్ను మీద ఊరి పేరు చూసి లిస్టు రాయాలి. పూలదండలు తేవద్దు.

జియాలజీ చదివిన వాళ్లు, చెబుతున్న వాళ్లు ఈ గ్రూపులో ఉన్నారు. వచ్చి చూడండి. పనికిరాదని తేలితే పనికిరాదనే రాసివ్వండి.

కిడ్నీ జబ్బు మీద పరిశోధనలంటూ వచ్చిపోయే అధికారులు నీళ్ల సీసాలతో పాటు ఈ మట్టి కూడా తీసుకెళ్లాలి. తీసుకెళ్లినట్టు రసీదు ఇవ్వాలి. ఏం తేలిందో మాకు తెలుగులో చెప్పాలి.

ఉద్దానంలో ఎవరు బోరు వేయించినా, కుప్పలు తోసేసే ముందు నాకు ఫోన్ చెయ్యండి. భూతద్దం అత్త నాకిచ్చింది. దాంతో చూడటం నాకింకా రాదు. నేర్చుకుంటాను.