ముక్కు అరిగిన వరలక్ష్మి

మొన్న శుక్రవారం ఇక్కడ అమెరికాలో, ఫ్రిస్కోలో స్నేహితురాలి ఇంట్లో వరలక్ష్మీ వ్రతం. వెళ్లినవాళ్లమంతా మా మా బంగారు రూపులు పూజకి ఒకే పళ్లెంలో పెట్టాం. పసుపు, తడి తమలపాకుల వాసన తగలగానే మా నాయనమ్మ రూపు గుర్తొచ్చింది.

అది లక్ష్మీదేవి బొమ్మ కాదు. తెల్లదొరల కాలంలో వాళ్ల కొత్త రాజు గద్దెనెక్కినప్పుడు వేసిన బంగారు కాసు. దాని మీద బట్టతల, గడ్డంతో రాజుగారు. మా ఇంట్లో వరలక్ష్మి ఆయనే. మీ ఇళ్లలోనూ ఇలాంటి కాసు ఒకటి ఉండేది కదూ? నాయనమ్మ ఏటా ఆయన్ని కుంకుడు రసంతో తోమి, పాలతో కడిగి, బొట్టు పెట్టేది. ఆవిడ వేలి కింద పడీ పడీ రాజుగారి ముక్కు అరిగిపోయింది.

ఒక ఏడాది మా బాబాయికి రోషం వచ్చింది.

"మనల్ని ఏలినోడికి హారతేంటమ్మా?" అన్నాడు.

"అమ్మవారు ఏ మొహంతో వస్తే నీకేంట్రా?" అంది నాయనమ్మ.

చివరికి బాబాయి మాటే నెగ్గింది. కంసాలి ఆ కాసును కరిగించి లక్ష్మీదేవి రూపు చేసిచ్చాడు. నాయనమ్మ దానికీ బొట్టు పెట్టింది గానీ, మునుపటిలా ఒళ్లో పెట్టుకుని తోమలేదు. ఆవిడ పోయాక అది నాకొచ్చింది; మొన్న పళ్లెంలో పెట్టింది దాన్నే.

వ్రతం అయ్యాక స్నేహితురాలు పళ్లెం నా ముందుకు జరిపింది.

"అక్కా, నీది ఏదో చూసి తీస్కో. అన్నీ సేమ్ ఉన్నయ్."

ఎంత వెతికినా పోల్చుకోలేకపోయాను. పళ్లెంలో లక్ష్ములందరికీ ముక్కులు చక్కగా ఉన్నాయి.