ఎడమ పక్క వెలుగు

మా ఇంట్లో అమ్మ ఫోటో లేదు. బాన్సువాడలో ఎవరింటి గోడ చూసినా మా బాపు, అంటే నాన్న, తీసిన ఫోటో ఒకటి కనిపించేది. పెళ్లి జంటలు, పాలుతాగే పిల్లలు, తలపాగా చుట్టిన పటేళ్లు. బాపుది ఫోటో స్టూడియో. ఊరందరినీ కూర్చోబెట్టి గడ్డాలు పైకెత్తించిన మనిషి కట్టుకున్నదాన్ని మాత్రం ఒక్కసారీ కూర్చోబెట్టలేదు. తలచుకుంటే నాకు ఇప్పటికీ కడుపు మండుతుంది.

ఆయన తీసిందల్లా అమ్మ పేర్చిన బతుకమ్మను. నేను బడికి పోయే రోజులవి, డెబ్బయిల నాటి మాట. సద్దుల బతుకమ్మ నాడు మధ్యాహ్నానికల్లా అమ్మ తాంబాళంలో తంగేడు, గునుగు, బంతి వరసలు పేర్చి పైన పసుపు గౌరమ్మను నిలిపేది. బాపు స్టూడియోలోని పెద్ద చెక్క కెమెరాను, మూడుకాళ్ల స్టాండును మోసుకుని ఇంటికొచ్చేవాడు. బయటపెడితే గాలికి గునుగుపూలు ఊగుతాయని ముందరింట్లో కిటికీ పక్కన పీట వేయించేవాడు. ఆ కెమెరాలో ఒక్కో ఫోటోకు ఒక్కో ఫిలిం రేకు పెట్టాలి. నిజామాబాద్ నుంచి తెచ్చినవి గిరాకీలకే చాలేవి కావు. పండుగకని ఒక్కటి దాచేవాడు. మనుషులు కళ్లు మూస్తారు, పూలు మూయవు అని ఆయనకు వాటి మీద అంత ప్రేమ.

కిటికీ కుడివైపు ఉండేది. ఎడమవైపు పూలు చీకట్లో పడేవి. ఆ పక్కన తెల్ల పంచెను రెండు చేతులా చాపి నిలబడడం అమ్మ పని. కిటికీ వెలుగు పంచెకు తగిలి తిరిగి పూల మీద పడేది. అమ్మ ఫోటోలో పడేది కాదు. బాపు కెమెరా కంటి మూత తీసి లోలోపల లెక్కపెట్టేవాడు. అంతసేపూ ఎవరం అడుగు వేయకూడదు. పంచె వణికిందంటే ఇల్లెగిరిపోయేలా అరిచేవాడు.

ఒక ఏడు అమ్మ జరీచీర కట్టి, కొప్పులో బంతిపువ్వు పెట్టుకుని వచ్చింది.

"గీసారి నన్ను గూడ పూల పక్కన తియ్యుండ్రి" అంది. ఆమె తనకోసం ఏదైనా అడగడం నేను వినడం అదే మొదలు.

నేనప్పుడు కెమెరా మీద కప్పే నల్లబట్ట కింద దూరి ఉన్నాను. కెమెరా కాస్త అమ్మ వైపు తిరిగి ఉంది. వెనక మసక అద్దంలో జరీ మెరుస్తూ, ముసిముసిగా నవ్వుతూ అమ్మ తలకిందులుగా కనిపించింది.

"అమ్మా, గబ్బిలం లెక్క ఏలాడుతున్నవ్" అన్నాను.

బాపు నన్ను పక్కకు జరిపి కెమెరాను పూల వైపు తిప్పాడు. "నువ్వు యాడికి వోతవే? రేపు గూడ ఇంట్లనే ఉంటవు. పూలు పొద్దుగూకితే నీళ్లల్ల కలుస్తయి" అంటూ పంచె ఆమె చేతికిచ్చాడు.

అమ్మ పంచె చాపింది. జరీచీర దాని వెనకే ఉండిపోయింది. ఆమె మళ్లీ అడగలేదు.

ఎనభైల మొదట్లో, నా పెళ్లయ్యాక, ఏదో జ్వరం వచ్చి బోధన్ దవాఖానకు తీసుకుపోయేలోపే అమ్మ పోయింది. అప్పట్లో పోయినవాళ్లను గోడకు ఆనించి ఫోటో తీయించుకోవడం మామూలే.

"ఫోటోలు తీసేటోని ఇంట్ల మా అక్క ఫోటో లేకపోవుడేంది? గిప్పుడన్న తియ్యి బావా" అని మేనమామ ఏడ్చాడు.

బాపు కెమెరా తెచ్చి నిలబెట్టాడు. నల్లబట్ట కిందికి పోయినవాడు ఎంతకీ బయటకు రాలేదు. బట్ట కదులుతూనే ఉంది. చివరికి బయటకొచ్చి, "వెలుగు సాలదు" అని స్టాండు మడిచేశాడు. అది మిట్టమధ్యాహ్నం.

దినాల నాటికి గోడ మీద పెట్టడానికి ఏదో ఒకటి కావాలి కదా. అమ్మ జరీచీర కట్టిన ఏటి బతుకమ్మ ఫోటోకు అద్దం కట్టించి తెచ్చాడు.

"గిదేందయ్యా, పూలకు దండేస్తరా?" అన్నారు చుట్టాలు.

బాపు దండ వేసి, వేలితో కుంకుమ తీసి, అద్దానికి నడుమ కాకుండా ఎడమ అంచున, ఎవరూ లేని చోట బొట్టు పెట్టాడు. చెయ్యి జారిందనుకున్నారు అందరూ. ఆ పక్క పూలు మాత్రం పంచె వెలుగుకు రేకు రేకూ తెల్లగా వెలుగుతున్నాయి.

బాపూ పోయాడు. ఆయన మీద నా కోపం తగ్గలేదు. ఏటా పండుగకు ఆ అద్దం తుడిచి, బొట్టు అక్కడే పెడుతున్నాను.