ఆ రోజు కరెంటు పోలేదు

మార్కాపురంలో కంప్యూటర్లు బాగుచేసే మా అల్లుడు పోయిన బుధవారం గుండెపోటుతో చనిపోయాడు. సొంత అల్లుడు కాదు. నన్ను మామా అనేవాడు కాబట్టి నాకు అల్లుడు. నా కంప్యూటర్ డిస్కు పాడుచేశాడని ఏడేళ్లుగా అతని మీద కోపం పెట్టుకున్నాను. కనబడిన ప్రతివాడికీ చెప్పాను.

నాది పలకల షెడ్డు. పిల్లలు దిద్దే పలకలు యాభై ఏళ్లుగా చేయిస్తున్నాను గానీ నాకు చదువు అంతంతమాత్రం. ఈ నాలుగు ముక్కలూ రెండు రోజులు కూడబలుక్కుని రాసినవే. ఆర్డర్ల కోసం కంప్యూటర్ పెట్టించి, అందులో లైనక్స్ అనే సాఫ్ట్‌వేర్ వేసింది అతనే. "దీనికి వైరస్ బాధ తక్కువ మామా, మనిషి బాధే ఎక్కువ" అని నవ్వేవాడు.

కొన్నాళ్లకు అది పని మధ్యలో బిగుసుకుపోవడం మొదలైంది. ఇంకొకరైతే డిస్కు మార్చెయ్యమనేవారు. అతను మూడు రోజులు వచ్చి కూర్చున్నాడు. నల్లటి తెర మీద వరసలు వరసలుగా వచ్చే రాతంతా చదివాడు.

"డిస్కు కునుకు తీస్తాంది మామా. తీసినాక లేవట్లేదు."

"నీళ్లు చల్లు."

"చల్లినా. కునుకు తీయకుండా కూడా ఆపినా. అయినా పడిపోతాంది. డిస్కును నడిపే రాత దాని లోపలే ఉంటది, ఫర్మ్‌వేర్ అంటారు. అది పాతది. కొత్తది ఎక్కించాల."

ముందుగా ఉన్నదంతా వేరే డిస్కులోకి దించాడు. "కొత్తది రాకముందే పాతది దాచుకోవాల" అనేది అతని మాట. నేను బయట లారీకి పలకలు ఎత్తిస్తున్నాను. అతను ఎక్కించడం మొదలుపెట్టి, ఒక పలక మీద సుద్దతో రాసి స్విచ్‌బోర్డుకు తగిలించి, టీకి వెళ్లాడు.

అన్నానికి లేస్తే మెయిన్ స్విచ్ ఆపడం మా షెడ్డు అలవాటు. రాతిదుమ్ముకు మోటార్లు కాలిపోతాయని భయం. లోపలికి వచ్చి పలక చూశాను. నాలుగు అక్షరాలు తెలిశాయి, మిగతావి తెలియలేదు. పక్కనే పనివాళ్లున్నారు. పలకల యజమాని పలక చదివించుకోవడమా అనిపించింది. దాన్ని పక్కకు జరిపి మెయిన్ దించాను.

అతను వచ్చి మళ్లీ వేస్తే కంప్యూటర్‌కు డిస్కే కనబడలేదు. కొత్తది ఎక్కేటప్పుడు కరెంటు ఆగితే డిస్కు చచ్చిపోతుందట, ఆపొద్దనే ఆ పలక. జరిపిన పలక వైపు చూశాడు, నా వైపు చూశాడు.

"కరెంటు పోయిందా మామా?"

"పోయింది."

పక్క షెడ్డులో మిషన్ రాయి కోస్తూనే ఉంది. ఆ చప్పుడు ఇద్దరికీ వినబడుతోంది.

"అట్లయితే తప్పు నాదే. బ్యాటరీ మీద పెట్టుకోని చేయాల్సింది" అన్నాడు, పనివాళ్లు వినేలా.

మర్నాడు తనే కొత్త డిస్కు తెచ్చి, దాచినదంతా అందులో పోశాడు. ఒక్క ఆర్డరూ పోలేదు. వెళ్లేటప్పుడు నా ఒక్కడికే వినబడేలా, "ఏదన్నా రాసి ఉంటే నన్ను పిలువు మామా, చదివి చెప్తా" అన్నాడు. ఆ మాటకే నాకు కాలింది.

"వాడి చేతికిస్తే బతికున్న మిషన్ కూడా చస్తది. తప్పు నాదేనని వాడే ఒప్పుకున్నాడు" అని ఆ సాయంత్రం నుంచే చెప్పుకుంటూ తిరిగాను. గిద్దలూరు, దొనకొండ వాళ్లు కూడా అతని దగ్గరికి రావడం మానుకున్నారు. అతను మాత్రం ఎదురుపడితే "బాగున్నావా మామా" అనేవాడు. నేను తల తిప్పుకునేవాణ్ణి.

కరెంటు పోలేదు. నేనే ఆపాను.

అతని పక్కన కూర్చుని పని నేర్చిన భార్య ఇక దుకాణం తనే తెరుస్తానంటోంది. వచ్చే ఆదివారం పెద్దకర్మ. అక్కడ అందరి ముందూ ఈ మాటే చెబుతాను. నా నోటిమాట విని ఆ దుకాణం మెట్టు దిగినవాళ్లను అడుగుతున్నాను. మళ్లీ ఎక్కుతారా, లేదా? ఆదివారం లోపల నాకు జవాబు కావాలి.